జాజు గుర్తు

గొర్రెలన్నీ ఒక్క తీరుగానే ఉంటాయని ఊళ్లోవాళ్లు అంటారు. గొర్రెను కూరలో తప్ప చూడనివాళ్ల మాట అది. మా మందలో ఏ రెండింటి మొహాలూ ఒకటి కావు. ఒకదానికి ముక్కు మీద గీత ఉంటుంది, ఒకదానికి పైపెదవి కాస్త వంకర, ఇంకొకటి ఎప్పుడు చూసినా అలిగినట్టే ఉంటుంది. పిల్ల పుట్టి తడి ఆరకముందే మొహం చూసి దీని తల్లి ఫలానాది అని చెప్పేస్తాం. ఇందులో గొప్పేమీ లేదు, గొల్లవాళ్ల ఇంట్లో పుట్టిన ఎవరికైనా పట్టుబడే విద్యే. మనుషుల మొహాలు కూడా ఒకప్పుడు నాకు అలాగే తెలిసేవి.

రజాకార్లు మా ఊరి మీద పడ్డ రోజున ఒకడు తుపాకి మడమతో నా తల వెనక కొట్టాడు. సూర్యాపేట దవాఖానలో కట్టు కట్టి, "బతికిండు, గదే పదివేలు" అని ఇంటికి పంపారు. గాయం మానింది. వెంట్రుకలు మొలిచాయి. కర్ర పట్టుకుని మంద వెంట మునుపటిలాగే నడిచాను. కాని ఆ దెబ్బకు తలలోంచి ఒక్కటి జారిపోయింది. మొహం చూసి ఎవరో తెలుసుకోవడం పోయింది. కళ్లు కనబడతాయి, ముక్కు కనబడుతుంది, మీసం ఉంటే మీసమూ కనబడుతుంది. అన్నీ కలిపితే ఎవరన్నది మాత్రం తెలియదు. రోజూ చూసే మనిషైనా అప్పుడే అంగట్లో ఎదురైన కొత్తమనిషిలాగే ఉంటాడు. తొట్టిలోకి వంగి చూసుకుంటే ఆ నీళ్లలో ఉన్న గడ్డం మాసినవాడు ఎవడో కూడా నాకు తెలియదు.

చిత్రమేమిటంటే గొర్రెల మొహాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. దవాఖాన నుంచి వచ్చి బండి దిగుతూనే దొడ్డిలోకి చూసి, "మొండిచెవుది ఈనలేదా ఇంకా?" అని అడిగాను. నా చెయ్యి పట్టుకుని దింపుతున్న ఆడమనిషిని మాత్రం, "నువ్వెవరమ్మా?" అన్నాను.

ఆమె సుక్కమ్మ. నా భార్య.

చాలారోజులు ఏడ్చింది. నన్ను తిట్టింది, నన్ను కొట్టినవాణ్ణి తిట్టింది, చివరికి గొర్రెలనూ తిట్టింది. "గొర్రె మొకం యాదికున్నది, నా మొకం మర్సిండు. నేను గొర్రెనై పుట్టినా బాగుండు" అని దొడ్డి ఊడుస్తూ అనేది. తర్వాత ఏడుపు మానేసి, చేతనయ్యేదేదో చూసుకుంది. అప్పటి నుంచి నా ఎదుటికి ఎప్పుడు వచ్చినా ముందుగా, "నేను, సుక్కమ్మను" అనేది. గంజి తెచ్చినా అదే మాట, పక్కన కూర్చున్నా అదే మాట. తమ్ముడు దశరథకు చిన్నప్పటి నుంచీ గొంతులో గరగర ఉండేది, వాడు రెండడుగుల దూరంలో ఉండగానే దగ్గేవాడు. వాడి భార్య నాంచారమ్మ "బావా" అని పిలిచి తలుపు దగ్గరే ఆగేది. తమ్ముడి భార్య అంటే మాలో కూతురితో సమానం. ఆమె నీడ కూడా తొక్కకుండా నడుచుకోవాలి.

అందరివీ ఒకే పొయ్యి, ఒకే మంద. నాయన పోయాక కూడా విడిపోలేదని కులంలో మాకు కాస్త పేరుండేది.

పోలీసు చర్య జరిగి, మిలిటరీ జీపులు సూర్యాపేట రోడ్డు మీద దుమ్ము లేపుతున్న ఏడు అది. వరికోతలు అయిపోగానే ఎప్పటిలాగే మందను మునగాల వైపు తోలుకుపోవాలనుకున్నాం. మునగాల అప్పుడు మా నిజాం ఇలాకా కాదు. చుట్టూ మా ఇలాకా, నడుమ మద్రాసువాళ్ల ముక్క. అక్కడి రైతులు కోసిన మళ్లలో మందను పండబెట్టించుకునేవాళ్లు. గొర్రెలు రాత్రంతా పడుకుని ఎరువు వేస్తే రైతుకు పంట, మాకు తిండిగింజలు. ఎండాకాలం అంతా ఇల్లూ వాకిలీ ఆ మళ్లలోనే.

బయలుదేరే ముందు మందకు జాజు వేస్తాం. ఎర్రమట్టిని కుండలో కలిపి, పరాయి మందల్లో కలిసినా తెలియడానికి ప్రతి గొర్రె నడుం మీద ఒక అరచేతి గుర్తు. దశరథ గొర్రెను పట్టుకుంటున్నాడు, నేను గుర్తు వేస్తున్నాను. ఒకామె వచ్చి నా ముందు తన గొంగడి పరిచింది.

"నేను, సుక్కమ్మను. దీనికి గూడ వెయ్యి."

"గొంగడికి జాజు ఎందుకే?"

"పరాయి జాగకు పోతున్నం. మందల మధ్య ఒర్లినా ఇనవడది. గొర్రెలకు గుర్తు లేకున్నా తెల్సుకుంటవ్. గుర్తు గావల్సింది నాకే గద."

దశరథ పకపక నవ్వాడు. "వదినను గూడ మందల గలిపిండు మా అన్న" అన్నాడు. సుక్కమ్మ కూడా నవ్వింది. నేను కుడిభుజం మీదికి వచ్చేచోట గొంగడికి అరచేతి గుర్తు వేశాను. నల్లగొంగడి మీద ఎర్రగా, ఎంత దూరం నుంచైనా కనబడేది. ఆ రోజు నుంచి నాకు ప్రాణం కుదుటపడింది. భుజాన జాజు కనబడితే చాలు, అది నా మనిషి.

మునగాలలో మొదటిరోజే పరువు పోగొట్టుకున్నాను. గట్టు మీద ఒక పెద్దమనిషి నిలబడి ఉంటే, "దొరా, గీ మడి ఎవలది?" అని అడిగాను. ఆయన నా వైపు తేరిపార చూశాడు. "ఏమయ్యా ఈదయ్యా, నాలుగేళ్ల నుంచి నా మడిలోనే మంద పండబెడుతూ నన్నే అడుగుతున్నావా?" అన్నాడు. దశరథ చేతులు జోడించి, అన్నకు తలకు దెబ్బ తగిలిందని చెప్పుకున్నాడు. రైతు అయ్యో అని, మా సుక్కమ్మ చేతిలో ఒక బెల్లపుముక్క పెట్టి పోయాడు. ఆ బెల్లం నేనే తిన్నాను.

అక్కడి నుంచి కోదాడ వైపు జరిగాం. వాగు ఒడ్డున అప్పటికే ఎర్రయ్య మంద దిగి ఉంది. ఎర్రయ్య మా కులపెద్ద, జుట్టంతా నెరిసినా మంద వెంట నడవడం మానని మనిషి. ఒకనాటి పొద్దున నీళ్ల దగ్గర రెండు మందలూ కలిసిపోయాయి. వాళ్లూ జాజే వేశారు, మేమూ జాజే వేశాం, పైగా నీళ్లలో దిగి అంతా కరిగిపోయింది. ఇరువైపుల వాళ్లూ కేకలు వేస్తూ కొట్లాడుతుంటే నేను మంద మధ్యలోకి వెళ్లి, ఒక్కొక్కదాని మొహం చూసి, ఇది మాది, ఇది మీది అని కర్రతో తోశాను. పొద్దు నెత్తి మీదికి రాకముందే మందలు వేరయ్యాయి. ఒక్క పిల్ల కూడా తారుమారు కాలేదు.

నాంచారమ్మ అన్న సైదులు ఆ రోజు చిలుకూరు నుంచి చెల్లెల్ని చూడటానికి వచ్చి ఉన్నాడు. వాడు గట్టు మీద కూర్చుని అంతా చూశాడు.

"బావా, నీ తలకాయ బాగైనట్టే ఉన్నది" అన్నాడు.

"గొర్రెల వరకే" అన్నాను.

"గొర్రెల వరకే ఎట్లుంటది బావా! మొకం అంటే మొకమే గద" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు తర్వాత బాగానే జరిమానా కట్టుకున్నాను.

ఉగాది దాటిన నాలుగైదు రోజులకనుకుంటాను, ఉన్నట్టుండి పడమర నల్లబడి రాళ్లవాన మొదలైంది. వాన కాదది. ఆకాశం మీద నుంచి ఎవరో సోలలతో రాళ్లు కుమ్మరిస్తున్నట్టు. ఈనిన తల్లులు అరుస్తున్నాయి, పిల్లలు చెల్లాచెదురుగా పరుగెత్తుతున్నాయి. అందరం పిల్లల్ని ఏరి తాటాకు కప్పు కిందికి చేరవేస్తున్నాం. పక్కనున్నవాడి మాట పక్కవాడికి వినబడటం లేదు. ఆ రాళ్ల మధ్యలో, తల మీదికి గొంగడి లాక్కుని, ఒక పిల్లను ఎత్తుకుని వంగి నడుస్తున్న ఆడమనిషి కనబడింది. కుడిభుజం మీద జాజు.

వారం నుంచి సుక్కమ్మకు జ్వరం. ఒళ్లు కాలుతూ పడుకుని ఉన్న మనిషి పిల్లల కోసం రాళ్లలోకి వచ్చిందనుకున్నాను. ఒక్క ఉరుకున వెళ్లి చెయ్యి పట్టుకుని కప్పు కిందికి లాక్కొచ్చాను. "పిచ్చిదానా, సావాలని ఉన్నదానే నీకు?" అని తిడుతూ నా తలగుడ్డ విప్పి ఆమె తల తుడిచాను. దగ్గరికి తీసుకుని గొంగడి చుట్టూ బిగించి పట్టుకున్నాను. ఆమె గింజుకుంది. ఏదో అరుస్తోంది. పెదవులు కదులుతున్నాయి, నాకు రాళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. ఆ మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఆ మొహం నాకేమీ చెప్పలేదు.

రాళ్లు ఒక్కసారిగా ఆగాయి.

"బావా! ఇడువు బావా! నేను నాంచారమ్మను!"

చెయ్యి వదిలేశాను. కప్పు బయట, చంకల్లో గొర్రెపిల్లలతో ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకడు దగ్గాడు. అప్పుడు తెలిసింది, వాడు నా తమ్ముడని. రెండోవాడు సైదులని నోరు విప్పాకే తెలిసింది, చిలుకూరు నుంచి మళ్లీ వచ్చి ఉన్నాడు.

జరిగిందేమిటో ఎవరికైనా అర్థమయ్యేదే. వాన మొదలవగానే నాంచారమ్మ తడక మీద ఏ గొంగడి చేతికందితే అది కప్పుకుని పరుగెత్తింది. అది సుక్కమ్మది. నాంచారమ్మ కూడా అదే చెప్పింది. "బావకు తెల్వక పట్టిండు. గొంగడి అక్కది" అని ఏడుస్తూ చెప్పింది. కాని సైదులు, "నువ్వు నోరు మూస్కో. మన ఇజ్జత్ పోయింది" అన్నాడు.

"రెండు మందల గొర్రెల్ని మొకం సూసి ఏరిండు గదా. నా కండ్లతోటి సూసిన. గొర్రెను గుర్తువట్టెటోడు మనిషిని గుర్తువట్టడా? జబ్బు లేదు గిబ్బు లేదు, అంత నాటకం."

సైదులు అంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. దశరథ ఏమంటాడా అని చూశాను. వాడు చంకలోని గొర్రెపిల్లను తల్లి దగ్గర వదిలాడు. ఆఖరికి, "అన్నా, మొండిచెవుదాన్ని సూస్తె తెలుస్తది. నా పెండ్లాన్ని సూస్తె తెల్వదా?" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.



మర్నాడు ఎర్రయ్య పంచాయితీ పెట్టాడు. చింతబరిగెలు, ప్రమాణాలు, మసిలే నూనె, ఇలాంటివన్నీ ఆయనకు గిట్టవు. మంద వ్యవహారం మంద తీరుగానే తేల్చాలన్నాడు. "ఈదిగాడు మొకాలు తెల్వయంటున్నడు. సైదులేమో తెలుస్తయంటున్నడు. అట్లయితె సూద్దాం. ఆడోళ్లను వరుసగ నిలవెడ్త. ఒక్కతీరు గొంగళ్లు, చేతులు గొంగడి లోపల, కాళ్లు గడ్డిల. మొకం ఒక్కటే బయటుంటది. ఎవ్వలు మాట్లాడద్దు, దగ్గద్దు, నవ్వద్దు. ఈదయ్యా, అండ్ల నీ పెండ్లాన్ని నువ్వు గుర్తువట్టలేకుంటె నీ మాట నిజం, నీ మీద తప్పు లేదు. తెల్సి తెల్వనట్టు దాటితె నీ కండ్లే నాకు చెప్తయి. గుర్తువట్టినవో, మొకాలు తెల్సి కూడ మరదలు చెయ్యి వట్టినట్టు. మంద పొట్టేలు తప్పు కట్టాలె, తమ్మునితోటి పొత్తు ఇడువాలె. సమ్మతమేనా?"

సమ్మతమే అన్నాను. దశరథ కూడా అన్నాడు. నాకు లోపల ధైర్యంగానే ఉంది. ఇన్నాళ్లూ తిట్టుకున్న జబ్బే ఈ పూటకు నాకు దిక్కు. కళ్లు తెరిచి నడిస్తే చాలు, గెలిచినట్టే.

ఆ మరుసటి పొద్దున వాగు దగ్గర మొహం కడుక్కుంటుంటే ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. "నేను, సుక్కమ్మను" అంది. జ్వరం ఇంకా దిగలేదు, గొంతు బొంగురుగా ఉంది.

"పరేషాన్ గాకు" అంది. "నువ్వు నన్ను గుర్తువట్టవు. ఇన్నొద్దులు గందుకే ఏడ్సిన. ఇయ్యాల గదే మన నెత్తిన పాలు వోస్తది. సక్కగ నడుసుకుంట దాటిపో."

"దాటిపోత."

"ఎవల్నన్న సూసి అనుమానమొచ్చినా ఆగకు."

"అనుమానం ఎట్లొస్తది నాకు?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి లేచి, అడుగులు తడబడుతూ వెళ్లింది.

ఆడవాళ్లను గట్టు కింద నిలబెట్టారు. అందరికీ ఎర్రయ్య మందలోని నల్లగొంగళ్లే, కాళ్లు మోకాళ్ల దాకా వరిగడ్డిలో. మగవాళ్లంతా వెనక గుంపుగా. నేను మొదటి మనిషి ముందు నిలబడ్డాను. గుండ్రటి మొహం, పెద్ద కళ్లు. ఎవరో. రెండో మనిషి బుగ్గ మీద మశూచి మచ్చలు. ఎవరో. ఆ తర్వాత ఒక ముసలమ్మ నవ్వు ఆపుకోలేక పెదవులు బిగపట్టింది. ప్రతి ఒక్కరూ నా వైపే చూస్తున్నారు. తలకు దెబ్బ తగిలిన మనిషి ఏం చేస్తాడో చూడాలని ఎవరికుండదు? ఆ చూపుల ముందు నుంచి నేను తాపీగానే నడిచాను. ప్రాణం తేలికగా ఉంది.

తర్వాతి మనిషి కళ్లు మూసుకుని ఉంది.

ఎండ మొహం మీదికి కొడుతోంది, అందుకేమోననుకున్నాను. పక్కవాళ్లను చూశాను. వాళ్ల మొహాల మీదా అదే ఎండ. వాళ్లు కళ్లు చికిలించుకుని నన్నే చూస్తున్నారు. ఈమె ఒక్కతే రెప్పలు గట్టిగా మూసుకుంది. నేను దాటిపోవాలని ఈమెకు ఉంది. దాటిపోవడం చూడటం మాత్రం ఈమె వల్ల కాదు. ఈ వరుసలో నేను గుర్తుపట్టకపోతే నొప్పి పుట్టేది ఇంకెవరికి?

మొహం నాకు అప్పుడూ ఏమీ చెప్పలేదు. ఆ ముక్కు, ఆ పెదవులు ఎవరివో ఇప్పటికీ చెప్పలేను. కాని అది సుక్కమ్మ.

ఒక్క అడుగు వేస్తే అయిపోయేది. పొట్టేలు మిగిలేది, పొత్తు మిగిలేది, తమ్ముడు మిగిలేవాడు. పొద్దున ఆమెకు మాట కూడా ఇచ్చాను. దవాఖాన నుంచి వచ్చిన నాటి నుంచి ఎన్నిసార్లు ఈ మనిషిని తెలియక దాటిపోయానో దేవుడికే తెలుసు. అది జబ్బు. ఇప్పుడు తెలిసి దాటిపోతే అది జబ్బు కాదు. పాపం, ప్రతిసారీ కొత్తగా తన పేరు చెప్పుకుంటూ నా ముందుకు వచ్చిన మనిషి. నాకు ఏడుపు వచ్చింది.

"గీమె సుక్కమ్మ" అన్నాను.

గుంపంతా ఒక్కసారిగా గోల పెట్టింది. సుక్కమ్మ కళ్లు తెరిచి నా వైపు చూసిన చూపు మాత్రం ఆ గోల కంటే పెద్దది. ఎర్రయ్య చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

"ఎట్ల గుర్తువట్టినవ్ రా?"

"అందరు నన్ను సూస్తున్నరు. గీమె ఒక్కతే కండ్లు మూస్కున్నది. అందుకే."

"ఇన్నరా?" అన్నాడు సైదులు. "కండ్లు తెరిస్తె తెల్వదట, మూస్తె తెల్సిందట! చెప్పెటోనికి వినెటోడు లోకువ."

అందరూ నవ్వారు. ఎర్రయ్య నవ్వలేదు. ఆయనకు అర్థమైందనే నా నమ్మకం. కాని పెద్దమనిషి పదిమందిలో పెట్టిన మాట పెట్టినట్టే ఉండాలి. "మాట మాటే ఈదయ్యా" అని, తలగుడ్డ దులుపుకుని లేచాడు.

అదేరోజు మంద పంచుకున్నాం. పొట్టేలును ఎర్రయ్య మందలోకి తోలారు. సగం గొర్రెలు దశరథ వైపు వెళ్లాయి. ఏ గొర్రె వెళుతోందో దాని మొహం చూస్తూ నిలబడ్డాను. మొండిచెవుది రెండుసార్లు వెనక్కి వచ్చింది. నాంచారమ్మ తలుపు లేని ఆ మైదానంలో కూడా ఎప్పటిలాగే దూరంగా ఆగి, "బావా, పోయొస్త" అంది. తమ్ముడు ఆ రోజు దగ్గలేదు. దుమ్ములో గొంగళ్లు కప్పుకున్న మగవాళ్లు నలుగురైదుగురు మంద వెంట చిలుకూరు దారి పట్టారు. అందులో ఒకడు నా తమ్ముడు. ఎవడో నాకు తెలియదు. ఎవడి వీపు చూసి ఏడవాలో కూడా తెలియక అందరి వీపులూ చూస్తూ నిలబడ్డాను.

మేమిద్దరం మిగిలిన మందతో మిర్యాలగూడ దారి పట్టాం. సుక్కమ్మ ఏ తప్పూ చేయని గొర్రెల్ని ఊరికే అదిలించింది. అలాగే రోడ్డు దిగి ఒక చేలో పడ్డాక ఆగి నా మీదికి తిరిగింది.

"ఇన్నొద్దులు గుర్తువట్టక, గా ఒక్క పొద్దే గుర్తువట్టాల్నా నువ్వు?"

"నువ్వు కండ్లెందుకు మూస్కున్నవ్?"

"మూస్కుంటె మూస్కున్న! దాటిపోతె నీ సొమ్మేం వోయేది? పొట్టేలు పాయె, తమ్ముడు పాయె, ఇల్లు రెండు ముక్కలాయె. ఏమొచ్చింది నీకు?"

"దాటిపోదామనే అనుకున్న."

"మరి?"

"కాళ్లు ముందరికి వోలేదు" అన్నాను.

ఆమె నన్ను ఇంకా తిట్టబోయి ఊరుకుంది. మొహం అటు తిప్పుకుంది. కాసేపటికి భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వెళితే నవ్వుతోంది, ఏడుస్తూనే నవ్వుతోంది. "నాయినా, ఎసొంటి మొగున్ని ఇచ్చినవే నాకు" అని, ఎప్పుడో పోయిన తన తండ్రితో చెప్పుకుంది. ఆ రోజు సాయంత్రం బూడిద వేసి రుద్ది గొంగడి మీది జాజునంతా కడిగేసింది. "ఇది సేసిన పని సాలు" అంది. నేను అడ్డం చెప్పలేదు.

తొలకరికి ముందు మిర్యాలగూడ అంగడికి వెళ్లాం. కోసిన ఉన్ని అమ్మి, ఉప్పూ మిరపకాయలూ కొనుక్కుని ఊరికి మళ్లాలి. సుక్కమ్మ నన్ను ఉన్ని మూటల దగ్గర కూర్చోబెట్టి ఉప్పు కోసం వెళ్లింది. ఎంతకీ రాలేదు. నేను లేచి వెతకడానికి బయలుదేరాను. అంతకంటే తెలివితక్కువ పని లేదు. ఎవరిని వెతకాలి? అంగడి నిండా ఆడవాళ్లు, అందరి నెత్తిన గంపలు, అందరివీ మొహాలే. పిలిస్తే నా పిలుపు బేరాల గోలలో కొట్టుకుపోతోంది. మగవాళ్లలో గొంగడి వేసుకున్నవాడు ఎదురైతే చాలు, దశరథేమోనని ఆగి, దగ్గుతాడేమోనని చూశాను. ఎవరూ దగ్గలేదు. ఎండలో తల వెనక పాత దెబ్బ పోటు పెట్టింది. నాకు భయం వేసింది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

అప్పుడు ముందర ఎక్కడో బండి ఆగిపోయి, బండివాడు గట్టిగా అరవడం వినబడింది.

"ఏందమ్మా, నడిబజార్ల నిలవడి నిద్రవోతున్నవా? జర పక్కకు జరుగు!"

జనాన్ని తోసుకుని వెళ్లాను. బజారు నడుమ ఒక ఆడమనిషి నెత్తిన గంపతో కదలకుండా నిలబడి ఉంది. ఇరువైపుల నుంచీ జనం తగులుతున్నారు, తిడుతున్నారు. ఆమె జరగదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

చెయ్యి పట్టుకోబోయి ఆగాను. రాళ్లవాన గుర్తొచ్చింది. ఈసారి తప్పయితే ఊరు కాని ఊళ్లో తన్నులు తింటాను. అయినా పట్టుకున్నాను.

ఆమె ఉలిక్కిపడలేదు. కళ్లు కూడా తెరవలేదు.

"ఎవలు?" అంది.

"నేను, ఈదయ్యను" అన్నాను.